కాలవ కూడు, మహద్ పందిరి: తిన్నవాళ్ళ వైపు నుంచి కొంత చరిత్ర

తెలుగు ఎం.ఏ. చదివిన ఎవర్ని కదిలించినా శ్రీనాథుడి పల్నాటి చాటువుల్ని అప్పజెబుతారు. రాజాస్థానాల్లో సన్నబియ్యం తిని, కనకాభిషేకం చేయించుకున్న కవిసార్వభౌముడు పల్నాడుకొచ్చి జొన్నకూడు మింగలేక పడిన అవస్థ అది. మన సాహిత్యంలో బాగా గుర్తుండిపోయిన భోజనం ఏదంటే బహుశా అదే. పరీక్షల్లో దాన్ని 'హాస్యం' అనే శీర్షిక కింద రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ చాటువులు నిజంగా ఆయనవేనా కాదా అన్నది పండితుల తగువు, దాంట్లోకి మేము పోదలచుకోలేదు. మా ప్రశ్న వేరే. ఆ జొన్నలు పండించిందెవరు? దంచిందెవరు? ఒక్క పూట కాదు, పుట్టింది మొదలు పోయేదాకా అదే కూడు తిన్నదెవరు? వాళ్ళకు ఏ తిండి గుర్తుండిపోయింది?

ఇంకో కావ్యం చూద్దాం. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వైష్ణవులకు పెట్టిన భోజనాల గురించి అధ్యాపకులు గంటల తరబడి చెబుతారు. ఎండాకాలానికి ఏం వండాలి, వానాకాలానికి ఏం వండాలి, చలికాలానికి ఏది వేడి వేడిగా వడ్డించాలి అన్నదంతా రాయలవారు పద్యాల్లో పెట్టారు. అదే కావ్యంలో మాలదాసరి కథ కూడా ఉంది. ఆ కథలో మాలదాసరి ఏం తిన్నాడన్నది కాదు విషయం. బ్రహ్మరాక్షసుడు మాలదాసరిని తినబోతాడు. అదీ కథ! వైష్ణవులు తినేవాళ్ళు, మాలదాసరి తినబడేవాడు. ఈ పోలికను క్లాసులో ఎవరైనా చెప్పగా మేము వినలేదు.

సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అచ్చువేయించినప్పుడు రాజుల వంశావళులు పక్కకు నెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటల్ని చరిత్రలోకి తెచ్చారు. ఆ పనికి మేము రుణపడి ఉన్నాం. అయితే ఆయన ఆధారాల్లో ఎక్కువ భాగం కావ్యాలు. కావ్యాలు ఏ వంటింటి వాసన చూశాయో ఆ వంటింటి చరిత్రే బయటికొస్తుంది. వెలివాడ పొయ్యి కాడికి ఏ కవీ రాలేదు. వచ్చినా, శ్రీనాథుడి లాగా, ముఖం చిట్లించుకుని పోయాడు.

అందుకని ఈ వ్యాసంలో మేము కొన్ని భోజనాల్ని తిన్నవాళ్ళ వైపు నుంచి చూడటానికి ప్రయత్నిస్తాం. పెట్టినవాళ్ళ చరిత్రకు కొదవలేదు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి (1841–1909) పేరు తెలుగు నేలమీద తెలియనివాళ్ళు తక్కువ, 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టింది. ఆమె మీద మాకు తగువేమీ లేదు. ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టిన మనిషిని తక్కువ చేసే బుద్ధి మాకు లేదు. పెట్టిన చేతికి పేరుంటుంది, తిన్న చేతికి ఉండదు అన్న ఒక్క సంగతినే గుర్తుచేస్తున్నాం.

పెట్టినవాడి పేరు మీద నిలిచిన భోజనాల్లో మొట్టమొదట చెప్పుకోవలసింది చాపకూడు. పన్నెండో శతాబ్దంలో మాచెర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాప మీద కూచోబెట్టి తినిపించాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడనీ కథ. దీన్ని అభ్యుదయ రచయితలు, సంస్కర్తలు, సినిమావాళ్ళు అందరూ వాడుకున్నారు. 'పల్నాటి వీరచరిత్ర' కావ్యం శ్రీనాథుడి పేరనే ఉంది, 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు దాన్ని అచ్చులోకి తెచ్చారు. జొన్నకూడు చూసి ముఖం తిప్పుకున్న కవి పేరు మీదే చాపకూడు కథ కూడా ఉండటం విచిత్రం. కాని ఆ కథను వందల ఏళ్ళు మోసింది ఆ కావ్యం కాదు, మాల కులానికి చెందిన వీరవిద్యావంతులు. జీన్ రోగేర్ 1982లో ఇంగ్లీషులో ప్రచురించిన పల్నాటి వీరుల కథ కూడా మాల గాయకుడు పాడిందే. అంటే చాపకూడును గుర్తుపెట్టుకున్నది చాప మీదికి పిలవబడినవాళ్ళు. పిలిచినవాళ్ళ వారసులు ఆ చాపను ఎప్పుడో చుట్టి అటక మీద పెట్టేశారు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఐదు రోజుల్లో మందపోరు నాడు చాపకూడు పెడతారు. దాన్ని చూడ్డానికి మంత్రులు కూడా వస్తుంటారు. తెలుగు పల్లెల్లో టీ హోటళ్ళ రెండు గ్లాసుల పద్ధతి మీద 1980ల్లో, 90ల్లో దళిత ఉద్యమం ఎంత కొట్లాడవలసి వచ్చిందో తెలిసినవాళ్ళకు ఈ ఒక్కరోజు చాప సరిపోదు. పైగా అది పురాగాథ. ఎంత చరిత్ర, ఎంత కథ అన్నది విడదీయడం కష్టం. దాన్ని అక్కడే వదిలి, కాగితాలున్న కాలానికి వద్దాం.

1876-78 కరువును మా వైపు ధాత కరువు అంటారు. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి ఆ పేరు. దక్షిణ భారతంలో బ్రిటిష్ ఏలుబడి కింద ఉన్న ప్రాంతాల్లోనే యాభై లక్షల పైచిలుకు జనం పోయారని ఒక అంచనా. గింజలు అసలే లేక పోయారా అంటే, కాదు. బర్మా నుంచీ బెంగాల్ నుంచీ ఓడల్లో బియ్యం వచ్చి మద్రాసు సముద్రపు ఒడ్డున బస్తాలు గుట్టలు పడ్డాయి. చుట్టూ కాపలా పెట్టారు. గుట్ట పక్కనే మనుషులు చచ్చారు. కొనడానికి చేతిలో డబ్బు లేకపోవడం, అంతే.

డబ్బు ఇవ్వకుండా పని ఇచ్చి బతికించాలన్నది సర్కారు విధానం. ఆ పనికి కూలెంత? 1877 జనవరిలో కరువు ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలని తేల్చాడు. పౌను అంటే ఇప్పటి లెక్కలో 450 గ్రాములు. పొద్దస్తమానం మట్టి తవ్వే మనిషికి! ఈయన అంతకు మూడేళ్ళ ముందు బీహారు కరువులో జనాన్ని బతికించడానికి విపరీతంగా ఖర్చుపెట్టాడని పైవాళ్ళతో చీవాట్లు తిన్నవాడు. మద్రాసుకొచ్చేసరికి పాఠం నేర్చుకున్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఈ కూలితో మనిషి బతకడని పోట్లాడాడు. బొంబాయి రాష్ట్రంలో కూలీలు పౌను కూలికి ఒప్పుకోమని పనిస్థలాలు వదిలి వెళ్ళిపోయారు. ఆ ఏడాది మే నెలకు మద్రాసులో కొంత పెంచారు. 1878లో డిగ్బీ రాసిన రెండు సంపుటాల కరువు చరిత్రలో ఈ తగువంతా ఉంది. పౌను బియ్యంలో ఎన్ని పోషకాలుంటాయి, ఖైదీకి ఎంత పెడతారు, కూలికి ఎంత పెట్టాలి అని దొరలు దొరలు వాదించుకున్నారు. తిన్న మనిషి మాట ఆ సంపుటాల్లో మాకు దొరకలేదు.

ఇక్కడే ఒంగోలు కాలవ సంగతి వస్తుంది. తీరం వెంబడి తవ్వించిన, తర్వాత గవర్నరు పేరు మీద బకింగ్‌హామ్ కాలవ అయిన ఆ కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకాన్ని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పాదిరికి కాంట్రాక్టెందుకు? కరువు పనుల్లోకి పోయిన మాదిగలను మేస్త్రీలు సతాయించడం ఆయన చూశాడు. పనిచోటు కూడా ఊరు లాంటిదే. ముందు ఎవరు నిలబడాలి, ఎవరు దూరంగా ఉండాలి అన్న లెక్క కరువులోనూ మారదు. అందుకని ఆయన తన ముక్క తాను తీసుకుని, రాజుపాలెం దగ్గర మకాం వేసి, మేస్త్రీలుగా తన బోధకుల్నే పెట్టాడు. ఆ బోధకుల్లో చాలామంది మాదిగలు. ఎర్రగుంట్ల పేరయ్య లాంటి తోలు వ్యాపారి, పాటల మనిషి, 1866 నాటికే ఈ మతంలోకి వచ్చినవాడు. ఈ ఉద్యమం మొదలుపెట్టింది పాదిరి కాదు, ఇటువంటి మనుషులే అన్నది మా అభిప్రాయం.

చరిత్రకారులు ఈ ఘట్టం దగ్గరకొచ్చి ఒకే ప్రశ్న వేస్తారు. వీళ్ళు దేవుడి కోసం మారారా, బియ్యం కోసం మారారా? 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 'కరువు క్రైస్తవులు' అని ఎగతాళి చేయడానికి ఈ అంకె బాగా పనికొచ్చింది. కాని తేదీలు చూడండి. కరువు సాయం నడుస్తున్నంత కాలం, పదిహేను నెలల పాటు, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదనే ఆపాడు. కాలవ పని ముగిసి, సాయం ఆగి, తిరిగి ఊళ్ళకు పోయాక జనం గుంపులు గుంపులుగా వచ్చారు. తిండి దొరికే రోజుల్లో ముంచలేదు, దొరకని రోజుల్లో మునిగారు. అయినా మాకు అసలు అభ్యంతరం ఈ ప్రశ్న మీదే. అగ్రహారాలు పొంది వేదం చదివినవాళ్ళని, సత్రాల్లో నిత్యం భోంచేసి దీవెనలిచ్చినవాళ్ళని 'మీరు దేవుడి కోసం చదివారా, నెయ్యి కోసం చదివారా' అని ఏ చరిత్రకారుడైనా అడిగాడా? మాదిగవాడి ఆకలికే విశ్వాసాన్ని అడ్డం పెట్టి తూస్తారు.

మా నాయనమ్మ దీన్ని 'కాలవ కూడు' అనేది. ఆమె పుట్టేనాటికి ధాత కరువు జరిగి యాభై ఏళ్ళు దాటింది. ఆమెకు వాళ్ళవ్వ చెప్పింది, వాళ్ళవ్వకు కాలవ మీద మట్టితట్ట మోసిన తల్లి చెప్పింది. ఐదు తరాల కిందటి మాటను అక్షరాలా సాక్ష్యంగా తీసుకోలేమని మాకు తెలుసు. పరిశోధనలో మా గైడు గారు కూడా అదే అన్నారు. కాని ఐదు తరాలు దాటి ఏది మిగిలిందో అది చూడాలి కదా. పౌను గింజలన్న లెక్క మిగల్లేదు. దొర పేరు కూడా సరిగ్గా మిగల్లేదు, 'కోలవ దొర' అనేది. మిగిలిందల్లా రెండు మాటలు. ఒకటి, మావాళ్ళు మొదటిసారి వరిబువ్వ అక్కడే తిన్నారని. అంతకుముందు జొన్న, సజ్జ, ఆరిక, వరిగ. అవీ దొరకనప్పుడు కలేకాయలూ చింతగింజలూ. రెండోది, 'కూచోని తిన్నారంట' అని. ఈ మాట ఆమె ప్రతిసారీ చెప్పేది. దొడ్డి దగ్గర నిలబడి దోసిలి పట్టినవాళ్ళు, పైనుంచి పోస్తే వంగి తాగినవాళ్ళు, కాలవ గట్టు మీద వరసగా కూచుని, తమవాడే గింజలు కొలిస్తే తీసుకుని, వండుకుని తిన్నారు. కూచున్నారన్నదే ఆ ఇంటికి చరిత్ర అయింది. బర్మా బియ్యం రుచి ఎట్లా ఉండిందో ఆమె ఎన్నడూ చెప్పలేదు.

ఈ కొత్త మతంలోకి వచ్చేవాళ్ళకు మిషన్ పెట్టిన కట్టుబాట్లు ప్రధానంగా మూడు: ఆదివారం పని చేయవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు. క్లౌ ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' (1914)లోనూ, ఆయన భార్య ఎమ్మా రాసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' (1899)లోనూ ఈ మూడింటి గురించి ఉంది. పైకి చూస్తే మూడూ మత నియమాలే. కాని ఊరి లెక్కలో మూడూ మూడు సమ్మెలు. ఆదివారం పనికి రాకపోతే కామందుకు కోపం. జాతరలో డప్పు కొట్టకపోతే ఊరికి కోపం. మూడోది అన్నింటికన్నా లోతైనది. చచ్చిన గొడ్డును లాక్కుపోవడం మాదిగ విధి. దాని తోలుతో ఊరికి చెప్పులు, మోకులు, బొక్కెనలు కుట్టివ్వాలి. దాని మాంసమే కూలి. అంటే చచ్చినదాని కూర అన్నది వాళ్ళకు తిండి మాత్రమే కాదు, జీతం. ఆ జీతం వద్దంటే ఆ చాకిరీ కూడా వద్దన్నట్టే. ఊరు ఆ సంగతి వెంటనే పసిగట్టింది. కళ్ళం గింజలు ఆపడం, బావుల దారి మూయడం, కొట్టడం అన్నీ జరిగాయి. 'మాకు ఆ కూర వద్దు' అన్న ఒక్క మాటకు ఇంత శిక్షా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఊరి ఆర్థిక వ్యవస్థ ఆ కూర మీద కూడా నిలబడింది.

యాభై ఏళ్ళ తర్వాత ఇదే మాట కొంకణ తీరంలో ఇంకో గొంతులో వినబడింది. 1927 మార్చి 19, 20 తేదీల్లో మహద్‌లో జరిగిన సభలో అంబేద్కర్ మహర్లను చచ్చిన పశువు మాంసం మానమన్నాడు, ఇంటింటికీ తిరిగి అడుక్కునే ఎంగిలి ముక్కలు మానమన్నాడు. మర్నాడు ఊరేగింపుగా పోయి చవుదార్ చెరువు నీళ్ళు తాగారు. మహద్ అంటే మనందరికీ నీళ్ళే గుర్తు. బడి పుస్తకాల్లో, కేలండర్లలో, పటాల్లో అంబేద్కర్ దోసిట్లో నీళ్ళు. కాని ఆ రోజు మహద్‌లో ఒక భోజనం కూడా ఉంది. దాన్ని మనం సరిగ్గా గుర్తుపెట్టుకోలేదని మాకనిపిస్తుంది.

సభ కోసం నీళ్ళు కొనవలసి వచ్చింది. నిండు చెరువున్న ఊళ్ళో, సవర్ణుల దగ్గర నలభై రూపాయలు పోసి నీళ్ళు కొన్నారు. ఆ నీళ్ళతోనే వంట. చెరువు నీళ్ళు తాగి వచ్చాక జనం చాలామంది ఊళ్ళకు బయలుదేరుతున్నారు. దూరం పోవలసినవాళ్ళు పందిట్లో కూచుని తింటున్నారు. అంబేద్కర్ ట్రావెలర్స్ బంగళాకు వెళ్ళాడు. ఇంతలో ఊళ్ళో పుకారు లేపారు, వీళ్ళు వీరేశ్వర ఆలయంలోకి కూడా చొరబడబోతున్నారని. కర్రలు పట్టుకుని మూక పందిట్లోకి దూరింది. విస్తళ్ళ ముందున్నవాళ్ళను కొట్టారు. వంట పాత్రలు పగలగొట్టారు, అన్నాన్ని మట్టిలో తొక్కారు. ఇరవైమంది దాకా గట్టిగా దెబ్బలు తిన్నారు. ఊళ్ళకు తిరిగిపోయేవాళ్ళను దారుల్లో కాచి కొట్టారు. పరిగెత్తినవాళ్ళకు కొందరు ముస్లిములు ఇళ్ళల్లో చోటిచ్చారు. తర్వాత చెరువును నూటెనిమిది కుండల పంచగవ్యంతో శుద్ధి చేశారు.

దీన్ని కాస్త నింపాదిగా ఆలోచించాలి. నీళ్ళు తాగినందుకు కోపం వస్తే చెరువు దగ్గరే కొట్టొచ్చు. అక్కడ కొట్టలేదు. అక్కడ వేలమంది ఉన్నారు. జనం పలచబడి, మిగిలినవాళ్ళు కూచుని అన్నం కలుపుకునే వేళ చూసి వచ్చారు. తినేటప్పుడు మనిషి చెయ్యి ఖాళీగా ఉండదు. పైగా తొక్కింది ఏ అన్నాన్ని? తమ దగ్గరే డబ్బులిచ్చి కొన్న నీళ్ళతో, తమ పొలాల్లోనే పండిన గింజలతో వండిన అన్నాన్ని. ఎంగిలి అడుక్కోవడం మానేస్తామని ముందురోజు తీర్మానం చేసుకున్నవాళ్ళు మొదటిసారి తమ పందిట్లో తమ వంట తాము తింటున్నారు. ఎంగిలి పెట్టినంత కాలం ఎవరికీ కోపం లేదు. తిరగబడొద్దని అంబేద్కర్ చెప్పాడు, వాళ్ళు ఆగారు. ఆ సాయంత్రం ఆకలితో ఎంతమంది నడుచుకుంటూ ఊళ్ళకు పోయారో ఏ నివేదికా లెక్కపెట్టలేదు.

చచ్చినదాని మాంసం మానడం గురించి మన ఉద్యమాల్లో పెద్ద చర్చే నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ (1888–1939) 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన నాటినుంచీ పెళ్ళిళ్ళలో, దినాల్లో కల్లు వద్దు, మాంసం వద్దని ప్రచారం చేశాడు. ఆయన ఉద్దేశం మనకు అర్థమవుతుంది. అప్పు చేసి తాగి తినిపించే ఖర్చును ఆపాలనుకున్నాడు, మనుషులుగా నిలబడాలనుకున్నాడు. కాని శుభ్రత అంటే శాకాహారం అన్న కొలత ఎవరిది? ఆ కొలత మన ఇళ్ళల్లోకి వచ్చాక మా తరం తల్లులు పెద్దకూర వండిన రోజు తలుపులేసుకున్నారు, ఎండబెట్టిన తునకల దండేన్ని ఇంటి వెనక్కి మార్చారు. చాకిరీకి గుర్తుగా వచ్చిన మాంసం వేరు, కొనుక్కుని తినే మాంసం వేరు. మొదటిది మానడం తిరుగుబాటు. రెండోదాన్ని దాచుకోవలసి రావడం ఓటమి. అంబేద్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' రాసినప్పుడు గొడ్డుమాంసాన్ని సిగ్గుపడే విషయంగా రాయలేదు, అంటరానితనం ఎట్లా పుట్టిందో వెతికే చరిత్ర సమస్యగా చూశాడు. ఒకప్పుడు బ్రాహ్మణులూ తిన్నారని, బౌద్ధంతో పోటీలో వదిలేశారని వాదించాడు. ఆ వాదనలో ప్రతి మెట్టునూ ఒప్పుకోకపోయినా, సిగ్గును చరిత్రగా మార్చిన పద్ధతి మాత్రం మనకు దారి చూపింది.

సహపంక్తి భోజనాల గురించి ఇక్కడ కొద్దిగా చెప్పాలి. కొద్దిగానే, ఎందుకంటే వాటి గురించి కావలసినంత రాశారు. అన్నింట్లోకి మాకు నచ్చింది 1917 మే నెలలో కేరళలోని చెరాయిలో ఈళవ యువకుడు అయ్యప్పన్ చేసింది. పులయ పిల్లలు ఇద్దర్ని పక్కన కూచోబెట్టుకుని, పనసగింజలూ శెనగలూ వేసిన కూరతో అన్నం తిన్నారు. అంతే మెనూ. అందుకు ఆయన్ను 'పులయన్ అయ్యప్పన్' అని వెక్కిరించి సొంత కులం వెలివేయబోయింది. వెక్కిరింపును ఆయన బిరుదుగా తగిలించుకున్నాడు. ఆ ఇద్దరు పిల్లలు ఆ పూట ఏమనుకున్నారో, ఇంటికి పోయి అమ్మకు ఏం చెప్పారో మాత్రం చరిత్రలో లేదు. కృష్ణా జిల్లా ముదునూరులో గోరా గారు 1940ల్లో పౌర్ణమి రోజుల్లో సర్వకుల భోజనాలు పెట్టేవారు. ఆయన అక్కడితో ఆగలేదు. 1948లో కూతురికి దళిత యువకుడితో పెళ్ళి చేశారు, 1972లో విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం బహిరంగంగా కలిసి తినే కార్యక్రమం పెట్టారు. తేడా గమనించండి. మామూలు సహపంక్తిలో దళితుడు పైకులం వంట దగ్గరికి వచ్చి, స్నానం చేసి, తెల్లబట్ట కట్టుకుని, పప్పూ కూరా తింటాడు. ఇక్కడ పైకులంవాడు దళితుడి కూర దగ్గరికి వచ్చాడు. పంక్తి అంటే రెండు వైపుల నుంచీ నడవాలి కదా. 'కుల నిర్మూలన' (1936)లో అంబేద్కర్ సహపంక్తి ఒక్కటే కులాన్ని చంపలేదని ఊరికే అనలేదు.

మా తరానికొస్తే, తిండి జ్ఞాపకమంటే హాస్టలు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక వాడల్లో పొయ్యి మీద జొన్న సంకటి పోయి అన్నం వచ్చింది. శ్రీనాథుడు కోరుకున్నదేదో అది ఐదారొందల ఏళ్ళకు మాకూ అందింది! ఇప్పుడు జొన్నలూ కొర్రలూ 'సిరిధాన్యాలు' అయ్యాయి, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది, పట్నంలో బియ్యం కన్నా కొర్రలకే ఖరీదెక్కువ. మా నాయనమ్మ చుట్టాలొస్తే సంకటి గిన్నె మీద మూత పెట్టేది. ఏది మర్యాద తిండో తేల్చేవాళ్ళు ఎప్పుడూ ఇంకెక్కడో ఉంటారు.

సంక్షేమ హాస్టల్లో మేము చేరిన మొదటి వారం మూడు పూటలా తిన్నాం. ఉడికీ ఉడకని అన్నం, నీళ్ళలాంటి సాంబారు, పురుగు కనిపిస్తే పక్కకు తీసి తినడం. అన్నీ నిజమే. అవన్నీ మేము తర్వాత విద్యార్థి సంఘాల్లో కరపత్రాలు రాసి కొట్లాడిన విషయాలే. కాని మొదటి వారం మాకు పురుగు కనిపించలేదు, మూడోపూట కనిపించింది. ఆదివారం గుడ్డు ఇచ్చిన రోజు మాలో ఒకడు సగం తిని సగం కాగితంలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టాడు, తమ్ముడికట. శనివారానికి వాసనొచ్చింది. వార్డెన్ అరిచాడు. ఎవరం పేరు చెప్పలేదు. మాలో మొదటిసారి డిగ్రీలు పట్టుకున్నవాళ్ళలో ఎంతమందికి ఇటువంటి పెట్టె ఉండి ఉంటుందో! హాస్టళ్ళ చరిత్రను బడ్జెట్ లెక్కల్లో, కమిటీ రిపోర్టుల్లో రాస్తున్నారు. అది అవసరమే. కాని రాష్ట్రంలో రెండు తరాల దళిత విద్యావంతుల్ని తయారుచేసిన వంటగది గురించి, ఆ వంటమనుషుల గురించి ఒక్క మంచి పుస్తకమైనా రావాలి.

విశ్వవిద్యాలయంలో తిండి మళ్ళీ తగువైంది. 2012 ఏప్రిల్ 15న, అంబేద్కర్ జయంతి మర్నాడు, ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేశారు. రాళ్ళు పడ్డాయి, విద్యార్థులు గాయపడ్డారు, వాహనాలు తగలబడ్డాయి. 2015 డిసెంబరులో మళ్ళీ తలపెడితే కోర్టు ఉత్తర్వులు, ముందస్తు అరెస్టులు. 'తిండి కోసం ఇంత రాద్ధాంతమెందుకు, చదువుకోక' అని మంచివాళ్ళే మమ్మల్ని అడిగారు. హాస్టల్ మెస్సుల్లో పప్పూ పెరుగూ ఎవరి తిండి అని ఎవరూ అడగరు కాబట్టి అది అందరి తిండిలా కనిపిస్తుంది. మహద్‌లో తమ నీళ్ళు కొనుక్కుని తమ పందిట్లో వండుకున్నవాళ్ళు గుర్తొచ్చారు మాకు. ఉస్మానియాలో కూడా ఎవరి కంచంలోనూ చెయ్యి పెట్టలేదు, తమ కంచం తాము వీధిలోకి తెచ్చుకున్నారు. మరాఠీలో షాహూ పాటోళె 2015లో మరాఠ్వాడా దళితుల వంటల మీద పుస్తకమే రాశాడు. ఉప్పూ కారం తప్ప నూనె చుక్క లేని వంటల్ని చరిత్రగా రాశాడు. తెలుగులో కథకులు, కవులు ఈ పని చేశారు. చరిత్ర శాఖల్లో ఇంకా మొదలుకాలేదనే చెప్పాలి.

చివరిగా బడి వంటశాల. 2001 నవంబరులో సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనం పెట్టమంది. 2004 ఏప్రిల్‌లో వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యమివ్వమంది. ఈ రెండో ఉత్తర్వు మొదటిదానికన్నా పెద్దది. వేల ఏళ్ళుగా తినేవాడి స్థానంలో, అదీ వాకిట్లో, నిలబెట్టిన మనిషిని వండే స్థానంలోకి తెచ్చింది. అందుకే దాని మీద తగువు కూడా అన్ని రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలోని ఒక బళ్ళో కొత్తగా వచ్చిన దళిత వంటమనిషి చేతి అన్నాన్ని పైకులాల పిల్లలు మానేశారు. అధికారులు నియామకంలో పద్ధతి సరిగ్గా లేదని చెప్పి ఆమెను తీసేసి పైకులం ఆమెను పెట్టారు. ఇంతవరకూ మనం చాలాసార్లు విన్న కథే. ఆ తర్వాత జరిగింది మాత్రం మేము ఇంతకుముందు వినలేదు. కొత్త వంటమనిషి వండిన అన్నం వడ్డించిన రోజు, అదే బళ్ళో చదివే దళిత పిల్లలు 23 మంది కంచాలు ముట్టుకోలేదు. మా అమ్మ లాంటి ఆమె వండితే మీరు తినకపోతే, మీ అమ్మ లాంటి ఆమె వండితే మేమెందుకు తినాలన్నది వాళ్ళ లెక్క. ఏ సంఘమూ వాళ్ళకు నేర్పలేదు. జిల్లా అధికారులు పరిగెత్తుకొచ్చారు, పిల్లలతో కూచుని అన్నం తిన్నారు, రాజీ కుదిర్చారు. ఆ పిల్లలంతా ఆరో తరగతికీ ఎనిమిదో తరగతికీ మధ్య ఉన్నవాళ్ళు. ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళు ఆకలితోనే ఇళ్ళకు పోయారు.